వుడ్‌వర్డ్ రోడ్డుమీద పాత కారు బేరం

డెట్రాయిట్ వెళ్ళినవారు మ్యూజియాలు చూస్తారు, నది చూస్తారు. నేను ఒక కారు బేరం చూశాను.

మా అమ్మాయి కాపురం ఆ నగరానికి ఉత్తరాన, వుడ్‌వర్డ్ రోడ్డుకు కూతవేటు దూరంలో. అది సామాన్యమైన రోడ్డు కాదు. డెట్రాయిట్ నదీతీరాన బయలుదేరి పాంటియాక్ పట్టణం దాకా పోతుంది. 1909 లో ఇందులో ఒక మైలు మేర కాంక్రీటు పరిచారు; అమెరికాలో కాంక్రీటు హైవేలకు అదే శ్రీకారమంటారు. 1960 లలో రాత్రివేళ కుర్రకారు పెద్ద ఇంజన్ల కార్లలో వచ్చి, సిగ్నలు దగ్గర పక్కపక్కన ఆగి, పచ్చదీపం వెలగడమే తడవుగా పందెం వేసుకునేవారట.

మా అమ్మాయి పొరుగింటాయన ఆ కుర్రకారులో ఒకరు. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. ఆయన షెడ్డులో దుప్పటి కప్పుకుని ఉంది 1966 నాటి పాంటియాక్ జి.టి.ఓ. 389 ఘనపుటంగుళాల ఇంజను, 335 హార్సుపవరు! ఆ ఒక్క యేడే 96 వేల పైచిలుకు అమ్ముడుపోయాయి. 1973 లో పెట్రోలు కరువు వచ్చేసరికి ఆ జాతి కార్ల వైభవం అణగింది. 2010 లో పాంటియాక్ పేరుతో కార్లు చేయడమే మానేశారు.

"బాగుచేసి మా ఆవిడను మళ్ళీ వుడ్‌వర్డ్ మీద తిప్పుతానని మాటిచ్చాను. ఏటా 'వచ్చే యేడు' అంటూ వచ్చాను. ఆవిడ వెళ్ళిపోయింది. నా మోకాళ్ళూ పోయాయి," అన్నారాయన. అందుకని, బాగుచేసుకోగలవారికి ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చేస్తానని అమ్మకానికి పెట్టారు.

నేను ఊరుకోలేక ఓ సలహా పారేశాను. "కడిగించి, కాస్త రంగు పూయించండి. ధర పలుకుతుంది." పెళ్ళిచూపులకు ముందు గోడలకు సున్నం వేయించే దేశంవాణ్ణి కదా! ఆయన నవ్వి ఊరుకున్నారు.

బేరానికి వచ్చినవాడు ముప్పై యేళ్ళ యువకుడు. వెంట ఎనిమిదేళ్ళ కూతురు. తలుపు తెరిచి, కీళ్ళ దగ్గరున్న చిన్న రేకుమీది అంకెలు చూశాడు. ఆ యేటి అసలు జి.టి.ఓ. అయితే 242 తో మొదలవుతాయట. తక్కువరకం కారుకు పేరుబిళ్ళలు తగిలించి అంటగట్టేవారుంటారు మరి. అంకెలు సరిపోయాయి. అతని మొహం వికసించింది.

అప్పుడు పెద్దాయన జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి పాప చేతికిచ్చారు. "ఎక్కడ అంటుకోదో చెప్పమ్మా." వెనకచక్రం పైభాగాన అది జారి పడింది. తుప్పు తిన్నచోట లప్పం పెట్టి రంగు వేశారక్కడ. ఆపైన డిక్కీలో పరిచిన చాప ఎత్తి చూపారు. నేల కనబడుతోంది! చలికాలంలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ కిందనే, వెయ్యి అడుగుల పైచిలుకు లోతున, ఉప్పుగని ఉంది. కార్లను కన్న ఊరే కార్లను తింటుందన్నమాట.

యువకుడు ధరలో మూడోవంతు కోశాడు. పెద్దాయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

"ఎందుకండీ?" అన్నాను మెల్లగా.

"దాచిపెడితే ఇతనూ సగంలో విసిగి షెడ్డులో పడేస్తాడు. ఆ పని నేను చేశాను, చాలు."

కారును ట్రెయిలరు మీదికి ఎక్కించారు. తాళంచెవులు రెండూ పాపకిచ్చి, "1995 నుంచి ఏటా ఆగస్టులో పాత కార్లు ఈ రోడ్డున ఊరేగుతాయి. నేను పక్కన మడతకుర్చీలో కూర్చుని ఉంటాను. నా ముందునుంచి పోనివ్వండి," అన్నారు.

"ఎన్నేళ్ళు పడుతుంది?" అని నేను అడిగాను. తండ్రి తటపటాయించాడు. పాప మూడు వేళ్ళు చూపింది.

పెద్దాయన ఆ వేళ్ళవంక చూసి, సరేనని తలూపి, షెడ్డు తలుపు వేయడానికి వెళ్ళారు.