నలుగురి మాట – ప్రభువు బాట
(ఒంగోలు యాత్ర)

"నలుగురితో పాటు నారాయణా" అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. పదిమంది ఎటు పోతే మనమూ అటే పోతే చిక్కు ఉండదని దాని భావం. లోకరీతి అంతే. కాని కీడు చేయడానికి సమూహమును వెంబడించరాదని నిర్గమకాండము 23వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు స్పష్టంగా ఆజ్ఞాపించాడు. ఈ ఆజ్ఞ మన తెలుగు నేల మీద ఎలా నెరవేరిందో కళ్లారా చూడాలంటే ఎక్కడికో పోనక్కరలేదు. ఒంగోలు వెళితే చాలు.

విజయవాడ నుండి చెన్నై వైపు పోయే రైలులో సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే ఒంగోలు వస్తుంది. గిత్తలకు పేరుపొందిన ఊరు. చీమకుర్తి గనుల నుండి నల్లరాతి దిమ్మెలను మోసుకొచ్చే లారీలు రోడ్ల మీద కనిపిస్తాయి. స్టేషనులో దిగి ఎవరిని అడిగినా క్లౌపేటకు దారి చెబుతారు. జ్యుయెట్ పేరు మీద ఒక దేవాలయం, క్లౌ పేరు మీద ఒక ఆసుపత్రి, ఒక పేట – ఇద్దరు దొరల పేర్లు ఈ ఊరి చిరునామాల్లో కలిసిపోయాయి. రోజూ ఆ పేర్లు పలికేవారిలో ఎంతమందికి వాటి వెనుకనున్న కథ తెలుసునో!

మేము ఎండ ముదరక మునుపే ప్రార్థన కొండకు బయలుదేరాము. కొండ అని పేరే గాని నిజానికి అది గుట్ట. పిల్లలు పరుగెత్తి ఎక్కేశారు, పెద్దవారు ఒకటి రెండు చోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నారు. పైన నిలబడితే ఊరంతా కనిపిస్తుంది. ఆ గాలిలో మేమంతా కాసేపు మౌనంగా ఉన్నాము.

1854 జనవరి 1వ తేదీన తెల్లవారుజామున ఐదుగురు ఈ గుట్ట ఎక్కారు. లైమన్ జ్యుయెట్ దొరగారు, ఆయన భార్య, నరసు అనే తెలుగు సహోదరుడు, జూలియా, రూతు అనే ఇద్దరు సహోదరీలు. ఒంగోలుకు ఒక సేవకుని పంపమని వారు ప్రభువును వేడుకున్నారు. ఆనాటి పరిస్థితి ఏమిటో తెలిస్తేనే ఆ ప్రార్థన విలువ తెలుస్తుంది. అమెరికా బాప్టిస్టువారి తెలుగు మిషను 1836లో మొదలైంది. ఏళ్లు గడిచినా విశ్వాసులైనవారు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో, ఈ పని మూసివేయడం మంచిదా అని చర్చ జరిగింది. గోడ మీద వేలాడదీసిన పటంలో బర్మా వైపు ఎన్నో నక్షత్రాలు, మన వైపు నెల్లూరు దగ్గర ఒకే ఒక నక్షత్రం. అందుకే దీనికి "ఒంటరి నక్షత్రం" అని పేరు వచ్చింది. ఆ పేరు మీద ఎస్.ఎఫ్. స్మిత్ అనే భక్తుడు రాత్రికి రాత్రే ఒక పద్యం రాయగా, అది విన్నవారి మనస్సు కరిగి పని నిలిచింది. 1862లో మళ్లీ అదే ప్రశ్న లేచింది. అప్పుడు స్వదేశం వెళ్లియున్న జ్యుయెట్ దొరగారు, మీరు పంపకపోయినా నేను ఒంటరిగానైనా తెలుగువారి మధ్యకు తిరిగి వెళ్తాను, అక్కడే చనిపోతాను అని తెగేసి చెప్పారు. లెక్కలు చూసినవారంతా ఒకవైపు, ఆయన ఒకవైపు. చివరకు ఆయన ఒంటరిగా రాలేదు. జాన్ ఎవరెట్ క్లౌ అనే యువకుడు, ఆయన భార్య హారియెట్ అమ్మగారు ఆయనతో వచ్చారు. 1866లో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టారు. గుట్ట మీది ప్రార్థనకు జవాబు రావడానికి 12 ఏళ్లు పట్టింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది.

అసలు పరీక్ష ఇప్పుడే మొదలైంది. క్లౌ దొరగారు పెట్టిన బడికి పెద్ద కులాల పిల్లలు వచ్చేవారు. ఊరిలో మంచి పేరు వచ్చింది. ఆ రోజుల్లోనే తాళ్లకొండపాడు వైపు నుండి యర్రగుంట్ల పేరయ్యగారు అనే భక్తుడు వచ్చాడు. తోలు పని చేసుకునే మాదిగ కులస్థుడు, దేవుణ్ణి ఎంతో కాలంగా వెదకుతున్నవాడు. 1866లో ఆయనా, ఆయన భార్యా బాప్తిస్మం పొందారు. వారి వెనుక వారి బంధువులు, పల్లె పల్లెల నుండి ఇంకా కొందరు రాసాగారు. అప్పుడు ఊరి పెద్దలు దొరగారి దగ్గరకు వచ్చి, మీరు వీరిని చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారు, మేమూ రాము అన్నారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ పెద్దల మాటలో లోకజ్ఞానం లేకపోలేదు. ముందు చదువుకున్నవారు వస్తే తక్కినవారు వారి వెనుక వస్తారని ఆనాడు అనేకుల అభిప్రాయం. ముందు పెద్దవారిని సంపాదించు, ఆ తరువాత పేదవారి సంగతి చూద్దాము అంటే ఎవరూ తప్పు పట్టరు. దొరగారు కలవరపడి గదిలోకి వెళ్లి, చేతికందిన ఒక క్రొత్త నిబంధన తెరిచారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం కనబడింది – దేవుడు జ్ఞానులను గాక వెఱ్ఱివారిని, ఘనులను గాక నీచులైనవారిని ఏర్పరచుకున్నాడను సంగతి. ఆయన సంగతి చెబుదామని భార్య దగ్గరకు వెళ్లగా, వేరే గదిలో ఆమె కూడా సరిగ్గా అదే భాగం చదువుకుంటున్నారు. ఇద్దరికీ ఇక సందేహం మిగలలేదు. పేదవారిని చేర్చుకున్నారు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు.

ఇంతవరకు దొరగారి కథ. కాని అంతకంటే పెద్ద మూల్యం చెల్లించినవారు వేరే ఉన్నారు. విశ్వాసులైన మాదిగ కుటుంబాలకు మూడు నియమాలు ఏర్పడ్డాయి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు. వినడానికి చిన్న నియమాలు. పల్లెలో వాటి అర్థం వేరు. జాతర్లలో డప్పు కొట్టడం వారి మీద ఉన్న కట్టుబడి పని. అది మానితే ఊరంతటికీ కోపం. చాకలి వారి బట్టలు ఉతకకూడదన్నారు, కుమ్మరి వారికి కుండలు అమ్మకూడదన్నారు. బీటి భూముల నుండి వారి పశువులను తోలేశారు. చెప్పులు కుట్టే పని ఆపేశారు. కోతల కాలంలో కళ్లాల దగ్గరకు రానీయక ఏడాది గింజలు పోగొట్టారు. దొరగారికి బడి ఖాళీ అయింది, వీరికి గంప ఖాళీ అయింది. అయినా ఈ గుడిసెల్లోని తల్లులు, తండ్రులు వెనుదీయలేదు. మన సంఘాల పునాదుల్లో పేర్లు రాయని రాళ్లు వీరే.

ప్రార్థన కొండ దిగి మేము ఉత్తరంగా సుమారు 10 మైళ్ల దూరంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డుకు వెళ్లాము. నల్లమల కొండల్లో పుట్టి బంగాళాఖాతంలో కలిసే ఈ నది మన సంఘ చరిత్రలో యొర్దాను వంటిది.

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని పీడించిన ధాత కరువు సంగతి పెద్దల నోట వినే ఉంటారు. ఆ కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకున్నారు. ఆకలిగొన్నవారికి బిచ్చం కాదు, పనీ కూలీ దొరికింది. బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు, విరామంలో సువార్త చెప్పారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. సంఖ్య పెరిగితే స్వదేశంలో ఎంత సంతోషం! అయినా దొరగారు 15 నెలల పాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవాడెవడో, ప్రభువు కోసం వచ్చినవాడెవడో కరువు తీరేదాకా తెలియదని ఆగారు. కరువు సహాయం ముగిసిన తరువాత 1878 జూన్‌లో జనాన్ని వెల్లంపల్లి దగ్గర సమకూర్చి, ఇక ఇచ్చేందుకు డబ్బు లేదు, ఇళ్లకు పొండి అన్నారు. మాకు డబ్బు వద్దు, కష్టపడి బ్రతుకుతాము, బాప్తిస్మమే కావాలి అని వారు జవాబిచ్చారు. జూలై 3న ఇదే నీటిలో ఆరుగురు బోధకులు, ఒక్కసారికి ఇద్దరేసి చొప్పున దిగి, మధ్యాహ్నం కొంత విరామం తీసుకొని, ఆ ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంవత్సరం ముగిసేసరికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

ఈ అంకెలు వినగానే "చూశారా, చివరకు దొరగారిదే గెలుపు" అంటాము. కాని మాకు ఆ ఒడ్డున వేరొక తలంపు కలిగింది. 9,606 మంది వచ్చారు గనుక ఆయన చేసింది సరి అయినది కాదు. బడి ఖాళీ అయిన నాడు కూడా అది సరి అయినదే. ఒక్కరూ రాకపోయినా సరి అయినదే. సంఖ్య సత్యానికి సాక్షి కాదు. అలా కాకపోతే మనం మళ్లీ గుంపునే లెక్కపెట్టినట్లు.

మొండితనానికీ, నమ్మికకూ భేదం కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. మొండివాడు తన పంతం నెగ్గాలంటాడు, నష్టం ఇతరుల మీద వేస్తాడు. వీరు వాక్యాన్ని వెదకారు, జీవిత భాగస్వామి మనస్సును అడిగారు, నష్టాన్ని తామే భరించారు, ఎదిరించినవారిని ద్వేషించలేదు. కాలం కోసం కనిపెట్టారు. నలుగురికి ఎదురు నిలవడమే గొప్ప కాదు. ఎందుకు నిలిచామో, ఎవరి కోసం నిలిచామో అదే గొప్ప.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూద్దాం. ఆనాడు ఊరి పెద్దలు పలికిన మాట ఈనాడు మన సంఘాల్లోనే వినబడడం లేదా? ఒకే బల్లలో పాలుపొందుతాము, పిల్లల సంబంధాల దగ్గరకు వచ్చేసరికి "వాళ్లు ఏమిటోళ్లు?" అని గుసగుసలాడుతాము. కట్నం తీసుకోవడాన్ని 1961 చట్టమే నిషేధించింది. అయినా "నలుగురూ తీసుకుంటున్నారు గదా" అని పాస్టరుగారి ఎదుటే బేరం చేస్తాము. ఇంకొక బాధ కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులాల రిజర్వేషను లేదు. అందువలన కాగితం మీద ఒక మతం, గుండెలో ఒక విశ్వాసంతో నలిగిపోయే కుటుంబాలు ఎన్నో. వారికి తీర్పు తీర్చడం మన పని కాదు. ఉన్నది ఉన్నట్లు రాయించి, ఉద్యోగాన్ని పోగొట్టుకొని, కూలి చేసుకుంటున్న సహోదరుణ్ణి సంఘం ఆదుకుంటుందా? ఇది మాత్రం మన పనే. నిలబడినవాణ్ణి ఒంటరిగా నిలబెట్టి దూరం నుండి మెచ్చుకోవడం ప్రేమ కాదు.

ప్రియ పాఠకులారా, వీలు చేసుకొని కుటుంబ సమేతంగా ఒంగోలు వెళ్లండి. వేసవి ఎండలు తప్పించి పౌష్య మాఘాలలో వెళితే మేలు. గుట్ట మీద పిల్లలకు ఆ ఐదుగురి ప్రార్థన సంగతి చెప్పండి. గుండ్లకమ్మ ఒడ్డున, డప్పు కొట్టము అని చెప్పి పస్తులున్న మన పూర్వికుల సంగతి చెప్పండి. తరువాత మీ ఇంటిలో ఏ విషయములో "నలుగురు ఏమనుకుంటారో" అని వెనుకాడుతున్నారో, ఆ సంగతిని కుటుంబ ప్రార్థనలో ప్రభువు ఎదుట పెట్టండి. నిలబడే బలం ఆయనే అనుగ్రహించును గాక.