చదువరుల పద్దు

మేము ఒక కార్యాలయమున ముప్పదియైదేండ్లు గుమాస్తాపని చేసి 2013వ సంవత్సరారంభమున విశ్రాంతి పొందితిమి. చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. ఉద్యోగకాలములో అధికభాగము ఇన్వర్డు, డిస్పాచి రిజిస్టర్ల ముందరనే గడచినది. వచ్చిన కాగితమునకు ఒక అంకె, పోయిన కాగితమునకు ఒక అంకె. అంకె పడని కాగితము మా దృష్టిలో పుట్టనే లేదు. ఆ అలవాటు విశ్రాంతి తరువాత కూడ మమ్ము విడువలేదు.

మా ఊరు బరంపురము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఇది మదరాసు రాజధానిలోనిది. ఆ దినమున మా తాతగారు ఇల్లు కదలలేదు, ఊరు కదలలేదు. ఎల్ల మాత్రము కదలినది. మా పేటలో ఒక చిన్న పఠనమందిరము కలదు. విశాఖపట్టణము వైపునుండి రైలులో వచ్చు తెలుగు పత్రికలను చదువుటకు ఉదయమున కొందరు చేరుదురు. దాని వీధి అరుగుమీద ఒక చెక్కపలకను తగిలించి, ప్రతి ఆదివారము చేతివ్రాతతో ఒక పుట నింపి అంటించుటకు పెద్దలు మాకు అనుమతి నిచ్చిరి. ఊరి పాత సంగతులు, ఒక పద్యమునకు భావము, పండుగ వంటకము, పోయినవారి స్మరణ, ఇట్టివి అందు వ్రాయుచుంటిమి.

వ్రాసిన తరువాత ఊరకుండవలసినది. ఉండలేకపోయితిమి. 200 పుటల రిజిస్టరు ఒకటి కొని, ఏడుగంటల నుండి పదకొండువరకు అరుగు మూలన కుర్చీ వేసికొని, పత్రిక చదువుచున్నట్లు నటించుచు, పలక ముందు నిలిచినవారిని లెక్కించితిమి. నాలుగు నిలువు గీతలు, అయిదవది అడ్డము. సగము పుటయైన చదువనివారికి గీత లేదు. చెప్పులు సరిచేసికొనుటకు ఆగినవారికి లేదు. విశ్రాంత ఉపాధ్యాయులొకరు మాత్రము తరగతిలో వలె బిగ్గరగా చదువుచుండిరి. అది మాకు కొంత చికాకు; అయినను వారికొక గీత వేయుచుంటిమి. ఈ రిజిస్టరును చూచి మా శ్రీమతి, "ఆఫీసులో రాసిన లెక్కలు చాల్లేదా? ఇంకా ఏటి లెక్కలండీ?" అన్నది.

మొదటి నెలలలో 30, 35 మంది. ఒక ఆదివారము 12కు పడిపోయినపుడు మాకు ఆనాడు అన్నము సయింపలేదు. పుటను ఇంటికి తెచ్చి మూడుమారులు చదివి, లోపమెచ్చటనో వెదకితిమి. మరు ఆదివారము 48. ఏమి గొప్పగా వ్రాసితిమా యని మరల వెదకితిమి. కొన్ని నెలలకు గాని కారణము తెలియలేదు: రైలు ఆలస్యమై పత్రికలు రానిదినమున జనులు వేరుదారి లేక మా పలకను చదువుచుండిరి! ఇక వానపడిన ఏ ఉదయమైనను సున్న. రెండేండ్లకొకమారు వచ్చు బుఢీ ఠాకురాణి యాత్రలో వీధి నిండియుండును గనుక మా గడులును నిండును. తెలుగునాటినుండి వచ్చిన డేరా నేతవారి పెద్దయగు దేశీబెహెరా ఇంటికి అమ్మవారు పుట్టింటి ఆడబడుచువలె వచ్చు ఆ దినములలో, దర్శనమునకు పోవుచు పోవుచు మావైపు ఒక చూపు వేయువారు పెక్కురు. ఆ చూపులను మా ప్రతిభగా పద్దు వ్రాసికొంటిమి.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినది. ఆ రాత్రి గాలి చప్పుడు విన్నవారికి వర్ణన అక్కరలేదు. తెల్లవారునప్పటికి చెట్లు వీధులకు అడ్డముగా పడియుండెను. విద్యుత్తు లేదు, పత్రిక లేదు, రైలు లేదు. పలక మాత్రము ఒక మేకుపై వ్రేలాడుచుండెను. మేము తడిసిన కాగితమును తీసివేసి, పాలు ఏ వీధిలో దొరకును, కొవ్వొత్తులు ఎవరియొద్ద నున్నవి, ఏ గొట్టపుబావి పనిచేయుచున్నది అని పది పంక్తులు పెద్ద అక్షరములతో వ్రాసితిమి. ఆ దినమున 212 గీతలు పడినవి. రిజిస్టరంతటిలో అదియే పెద్ద అంకె. అందులో భాష లేదు, భావము లేదు, కొవ్వొత్తుల సంగతి కలదు. ఆ మాటను ఒప్పుకొనుటకు మాకు చాలకాలము పట్టినది.

ఆ అంకెను మరల చూడవలెనను ఆశ మమ్ము చెరచినది. పాత సంగతులు మాని చలనచిత్రముల ముచ్చటలు వ్రాసితిమి. పొడుపుకథ వేసి, విడుపు మరు ఆదివారమని ఊరించితిమి. కరవుభత్యపు సమాచారము చేర్చితిమి. అంకె 60 దాటినది. ఇంతలో ఒక పెద్దాయన పలకవైపు చూచి, మావైపు చూచి, ఏమియు అనక పత్రికల గదిలోనికి పోయినాడు. ఆయన ప్రతివారము చివరిపంక్తివరకు చదువువాడు. ఆనాటినుండి ఆయన గీత మా రిజిస్టరులో లేదు. 60 మందిలో ఒక్కడు తగ్గెననియే మేము అప్పుడు వ్రాసికొంటిమి.

పెద్దవారి పత్రికలకే ఈ ఎత్తుపల్లములు తప్పలేదని మమ్ము మేము ఊరడించుకొనుచుంటిమి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా నెలకొల్పి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా మార్చిన 'ఆంధ్రపత్రిక' 1991లో ఆగినది. 1947 జులైలో పుట్టి మా బాల్యమును వెలిగించిన 'చందమామ'యు నేడు లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో పెట్టిన 'తెలుగు' మాసపత్రిక నడచినది సుమారు ఒక సంవత్సరమే. వాడుకభాష కొరకు వారు అంత పోరాడిన సీమలోనే పుట్టి మేము ఇంకను 'కలదు', 'వలెను' అని వ్రాయుట వారి ఆత్మకు నచ్చదు. కాని మా చేయి తిరిగినది అట్లు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినపుడు మేము సిద్ధముగా నుంటిమి. వెనుకటివలెనే పెద్ద అక్షరములు, అవే సంగతులు. గీతలు 9. అందరి చేతిలోను ఫోను, అందులో మాకంటె ముందే వార్త. తరువాత 2020 మార్చిలో దేశమంతయు తలుపులు మూసికొన్నపుడు పఠనమందిరమునకు తాళము పడినది. ఆ వారములకు రిజిస్టరులో తేదీలు వ్రాసి, ఎదుట సున్నలు చుట్టితిమి. మరల తెరచునప్పటికి పలువురు లేరు. కొందరు పిల్లలయొద్దకు పోయిరి. కొందరు పోయిన చోటినుండి ఇక రారు. 2022లో మా సగటు 11కు దిగినది. పేటలో తెలుగు మాటాడు పిల్లలు కలరు. అక్షరము పట్టగలవారు అరుదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఇక పలక దింపుదమని పెద్దలకు చెప్పుటకు మాట కూర్చుకొనుచుంటిమి.

ఆ చలికాలమున ఒక ఆదివారము ఉపాధ్యాయులవారు జ్వరముతో రాలేదు. అరుగు ముందు ఆటో నిలుపుకొను యువకుడు చాలసేపు చూచి, "ఇవాళ మాష్టారు రారా బాబాయిగారూ?" అని అడిగినాడు. ఎందుకంటిమి. "నాకు తెలుగు అక్షరాలు రావండి. ఆయన చదివితే ఇంటాను. ఆ కొట్టు అప్ప కూడా ఇంటాది. ఆరేళ్ల బట్టి ఇంటన్నాం" అన్నాడు. మా చేతిలోని రిజిస్టరును చూచి, "మేం అందులో లేమేటి?" అన్నాడు.

లేరు. వారి కన్నులు పలకమీద లేవు గనుక మా నిబంధన ప్రకారము లేరు. ఆనాడు మేమే లేచి చదివితిమి. గొంతు వణకినది. విన్నవారు ఆరుగురు.

ఈ ముచ్చట మధ్యాహ్నము భోజనమువేళ చెప్పగా, మా కుమారుని కూతురు, పదేండ్ల పిల్ల, "అందులో ఏటి రాస్తావు తాతా?" అని అడిగినది. మా శ్రీమతి మావైపు చూచినది. తొమ్మిదేండ్లుగా ప్రతి శనివారము రాత్రి ఆ పుట ఆరుచుండినది ఆ పిల్ల కూర్చుండు బల్లమీదనే. ఊరి కన్నులను గీతలు గీసి లెక్కించిన మేము, మా ఇంటి పద్దు ఏనాడును తీయలేదు.

ఇప్పుడు శనివారము రాత్రి మొదట ఆమెకు చదివి వినిపించుచున్నాము. "'కలదు' అంటే ఏటి?" అని ఆపును. ఉన్నదని చెప్పుదుము. "మరి 'ఉంది' అనే రాయొచ్చు కదా" అనును. పలకమీది పుటలో ఇప్పుడు కొన్ని 'ఉంది'లు పడినవి. ఈ వ్యాసమును ఆమెకు చూపలేదు. అక్షరములు కూడ దిద్దించుచున్నాము. వత్తుల దగ్గర చిక్కుపడుచున్నది.

రిజిస్టరులో మరియొక గడి గీసి, 'విన్నవారు' అని శీర్షిక వ్రాసితిమి. గడచిన ఆదివారము చదివినవారు 7, విన్నవారు 14. మనుమరాలు మాతో వచ్చి, ముక్కాలిపీట ఎక్కి, శీర్షికను తానే కూడబలుకుకొని పైకి చదివినది. మధ్యలో ఒక ద్విత్వాక్షరము దగ్గర ఆగినది. ఆటో యువకుడు తాళములు చేతపట్టుకొని కదలక నిలిచినాడు. మిగిలినది మేము చదువగా ఆమెయు విన్నది. ఆమెను ఏ గడిలో వేయవలెనో తోచక రెండింటను గీత గీసితిమి. మొత్తము ఒకటి అధికముగా వచ్చినది. దిద్దలేదు.