పెన్నహోబిలం మీదుగా ఉరవకొండకు

కూడేరు దాటిందంటే బస్సులో మాటలన్నీ వాన చుట్టే తిరుగుతాయి. రోడ్డుకు రెండు పక్కలా దున్ని పెట్టిన ఎర్రనేలలు పదును కోసం చూస్తున్నాయి. ఆషాఢం వచ్చేసింది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే జిల్లా ఇది, ఆ కురిసేదైనా శెనక్కాయ విత్తే రోజుల్లో కురుస్తుందన్న నమ్మకం లేదు. దూరంగా గాలిమరలు మాత్రం తీరిక లేకుండా తిరుగుతున్నాయి.

పక్క సీట్లో ఒకావిడ టెంకాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొడుకు డిగ్రీ మధ్యలో ఆపేసి బెంగళూరులో డెలివరీ బండి తోలుతున్నాడట. "వాన్ని ఆఫీసులో కుర్చీ మీద చూడాలనుకుంటిమి సార్. యాడికో పాయ" అంది. పెన్నహోబిలంలో ఆమెతో పాటు నేనూ దిగాను.

ఇక్కడి లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో పూజ పాదముద్రకు. స్వామి ముఖం చూసి ఏదో బదులు వెతుక్కుందామంటే కుదరదు, పాదానికి మొక్కుకుని రావడమే. ఆమె మొక్కడం ఐదు నిమిషాల్లో అయిపోయింది. బయట మెట్ల మీద కూర్చుని టెంకాయ చిప్ప పగలగొట్టి నాకో ముక్క పెట్టింది. "చెప్పేసినా సార్. ఇంగ ఆయప్ప పని ఆయప్ప చూసుకుంటాడు. నేను పోయి విత్తనాలకు మందు కలపాల." పదును లేకుండానే విత్తనం సిద్ధం చేసుకోవడం! నేనింకేమీ అడగలేదు.

ఆ తర్వాతి బస్సులో ఉరవకొండ చేరాను. ఊరి మీదికి వంగినట్టున్న కొండ, దాని నెత్తిన పడగ విప్పినట్టు ఒక బండ. కింద సందుల్లో మగ్గాల చప్పుడు, పట్టుచీరల కొట్లు. నేను వచ్చింది ఇక్కడి హైస్కూలు కథ కోసం. పుట్టపర్తి నుంచి రత్నాకరం సత్యనారాయణ రాజు అనే కుర్రాణ్ని చదువు కోసం ఇక్కడికి పంపారు. అన్న శేషమరాజు ఇక్కడే తెలుగు పంతులు. బాగా చదివి ఆఫీసరు అవుతాడని ఇంటివాళ్ల ఆశ.

కస్తూరి అనే భక్తుడు రాసిన అతని జీవితచరిత్ర ప్రకారం 1940 మార్చి 8 సాయంత్రం ఆ పిల్లవాడు తేలు కుట్టినట్టు కేకేసి ఎగిరిపడ్డాడు. ఈ ఊళ్లో తేలు కుట్టినా పాము కరిచినా బతకరని అప్పట్లో ఒక భయం ఉండేదట. మర్నాటికి తేరుకున్నాడు గానీ మునుపటి పిల్లవాడు కాదు. ఉన్నట్టుండి ఏడవడం, పాడడం, మాట్లాడకపోవడం. అక్టోబరు 20న పుస్తకాలు పక్కన పడేసి, నా భక్తులు పిలుస్తున్నారంటూ అన్న ఇల్లు వదిలేశాడు. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరు తోటలో ఒక రాతి మీద కూర్చుని జనంతో భజన పాడించాడు. సత్యసాయిబాబాగా అతని కథ అక్కడ మొదలైందని భక్తులు చెబుతారు.

నేను భక్తుణ్ని కాను. మహిమల సంగతి నమ్మేవాళ్లకే వదిలేస్తాను. నా మనసు మాత్రం ఆ పిల్లవాడి దగ్గర కన్నా వాళ్ల ఇంట్లోనే తచ్చాడుతుంది. తను ఎటు వెళుతున్నాడో అతనికి తెలుసు, లేదా తెలుసని అతను అనుకున్నాడు. దిక్కు తెలియనిది తల్లిదండ్రులకు, అన్నకు. తెలుగు పంతులు మర్నాడు బడిలో తోటి పంతుళ్లకు ఏం చెప్పాడో! మధ్యలో కదిరి దగ్గర ఒక భూతవైద్యుడి చేతికి ఆ పిల్లవాణ్ని అప్పగించారు కూడా. గుండు గీయించి, నెత్తి మీద గాట్లు పెట్టి, ఆ గాట్ల మీద నిమ్మరసం పోశాడని అదే పుస్తకంలో ఉంది. భక్తి ఉపన్యాసాల్లో ఈ ఘట్టాన్ని గబగబా దాటేస్తారు. నాకు మాత్రం విశ్వాసం ఎంత కష్టమో ఇక్కడే తెలుస్తుంది. ఆ తల్లి ఈశ్వరమ్మ ముందు భయపడింది, మందులు మంత్రాలు అన్నీ చూసింది, ఏదీ పనిచేయక చివరికి ఒప్పుకుంది. తర్వాత్తర్వాత ఆమె కొడుకును అడిగింది బడి, ఆసుపత్రి, తాగునీళ్లు అని భక్తులు చెబుతారు. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో 731 ఊళ్లకు పైపులేసింది. ఆ నీళ్లు నమ్మనివాళ్లకూ దాహం తీర్చాయి.

ఇలా చెబితే కథ చక్కగా కుదురుతుంది. మరీ చక్కగా కుదరడమే నాకు ఇబ్బంది. బస్టాండు పక్క టీకొట్లో మగ్గం పని మానేసిన ఒక పెద్దాయనతో ఇదంతా కదిపాను. ఆయన గ్లాసు కింద పెట్టి నవ్వాడు.

"ఆ సామి కథ వేరు సారూ. మా అన్న గూడా అదే ఇస్కూల్లోనే పుస్తకాలు పారేసినాడు. మగ్గం మింద కూసున్నాడు, మగ్గం మిందే పోయినాడు. ఏ పైపులూ రాలా."

మరి మీ అమ్మ? అని అడిగాను.

"మా అమ్మా? దేవునికి దీపం ఒకనాడు గూడా మానలేదు. తిట్టుకుంటానే పెడుతుండె."