పలమనేరు మంచె మీద ఒక రాత్రి

బెంగళూరు నుంచి చెన్నైకి పాత హైవే మీద వస్తుంటే, ముళబాగిలు దాటి ఆంధ్రలో అడుగుపెట్టాక తగిలే పెద్ద ఊరు పలమనేరు. చల్లగాలి, టమోటా లారీలు, మామిడి తోటలు. దగ్గర్లోని పల్లెలో మా కొలీగ్ వాళ్ల ఇల్లు ఉంది. వాళ్ల పొలాలకు ఆనుకునే కౌండిన్య అభయారణ్యం. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఇక్కడే ఉండిపోయాయి. 1990లో అడవిని అభయారణ్యం చేశారు.

రాత్రి వాళ్ల పెదనాన్నతో కలిసి మంచె ఎక్కాను. టార్చి, టపాసుల సంచి, ఒక రేకు డబ్బా. అంతే సరంజామా! పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేస్తుంది. గుంపు దిగిందంటే చెరుకు తోటలో తిన్నదానికన్నా తొక్కిందే ఎక్కువ.

"ట్రెంచి తవ్వారు కదా పెదనాన్నా?"

"తవ్వినారు నాయనా. కాళ్లతో గట్టు మట్టి తోసి, పూడ్చుకోని దాటొచ్చినాయి."

"సోలార్ కంచె?"

"దంతానికి షాక్ కొట్టదు కదా! దాంతోనే కంబం వంచేస్తాయి. లేదంటే ఎండు మాను తెచ్చి తీగ మీద ఏస్తాయి."

మేం ఆఫీసులో ఎన్ని ప్యాచ్‌లు వేసినా ఎవడో ఒకడు సందు వెతుకుతాడు. ఇక్కడ వెతికేది గుంపును నడిపే ముసలి ఆడ ఏనుగు. దాన్ని చూసి పిల్లలు నేర్చుకుంటాయి. అందుకే పెదనాన్న ఒక రోజు టపాసులు, ఒక రోజు మిరపకాయల పొగ, ఇంకో రోజు డప్పు. "దినామూ ఒకటే చేస్తే ఎవురు భయపడతారు?" అన్నారు. ఇంకో నియమం, అడవి వైపు దారి ఎప్పుడూ వదిలిపెట్టాలి. పోయే దారి లేని ఏనుగు మనిషి మీదికే వస్తుంది.

కొందరు మెయిన్ లైన్ నుంచి నేరుగా కరెంటు తీగ లాగుతారు. ఆ మాట ఎత్తితేనే ఆయనకు కోపం. "చీకట్లో నీళ్లు కట్టేదానికి పోయేది మనోళ్లే కదా!"

2025 మేలో కర్ణాటక ప్రభుత్వం మనకు కుంకీ ఏనుగులను ఇచ్చింది. శిక్షణ పొందిన ఈ ఏనుగులతో అడవి ఏనుగులను వెనక్కి మళ్లిస్తారు. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటి క్యాంపు ఉంది. ఊళ్లో ఆశ పుట్టింది. కానీ మంచె మాత్రం ఎవరూ దిగలేదు.

మీరూ అటు వెళ్తే, రోడ్డు పక్కన ఏనుగు కనిపించిందని కారు ఆపి సెల్ఫీలకు దిగకండి, హారన్ కొట్టకండి. మీరు రెచ్చగొట్టిన ఏనుగు, మీరు వెళ్లిపోయాక, ఆ రాత్రి ఎవరో ఒక రైతు పొలంలోకే దిగుతుంది.