యాజ్ఞవల్క్యుడు విడిచినది

ఎల్.బి.నగర్ కూడలికి సమీపాన ఒక ఇంటి మేడమీద ప్రతి గురువారం జరిగే సత్సంగానికి పదకొండు సంవత్సరాలు వెళ్ళాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. ఆరంభంలో అక్కడ నాకు లభించినది నిజమైన శాంతియే. దానిని నేటికీ నిరాకరించను. క్రమంగా నియమాలు పెరిగాయి. ఇతర గ్రంథాలు పఠించరాదు, ఇతర ఆలయాలలో అడుగిడరాదు, దీక్ష లేని బంధువుల ఇంట భుజించరాదు. గోత్రం కూడా దేహాభిమానమే కనుక ఉచ్చరించరాదు. తండ్రిగారి ఆబ్దికాన్ని సైతం అజ్ఞానుల కర్మకాండ అని మాన్పించారు. ఇదేమిటని అడిగినందుకు అక్కయ్యతో ఆరు సంవత్సరాలు మాటలు మానుకున్నాను.

సంశయం వెలిబుచ్చిన నాడు పెద్దలు అన్నది ఒక్కటే మాట: "విడిచి వెళితే గురుద్రోహం. ఇచ్చిన మంత్రమే శాపమై తగులుతుంది." అనుభవించని వారికి ఇది హాస్యాస్పదంగా తోచవచ్చు. నేను మాత్రం ఆ మాటకు వెరచి మరొక సంవత్సరం వెళ్ళాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మిత్రుని ఇంట భాగవత వచనం కనబడితే, దొంగవలె తెరిచి చదివాను. ద్వాదశ స్కంధంలోని యాజ్ఞవల్క్య వృత్తాంతం అది. గురువైన వైశంపాయనుడు ఆగ్రహించి, నేర్చినదంతా విడిచి పొమ్మన్నాడు. శిష్యుడు యజుస్సులను వమనం చేసి వెళ్ళిపోయాడు. తోటివారు తిత్తిరి పక్షులై గ్రహించినది తైత్తిరీయ శాఖ అయింది. ఆయన సూర్యుని ఉపాసించి పొందినది శుక్ల యజుర్వేదం. ఆ కలహంలో యాజ్ఞవల్క్యుని అహంకారమూ ఉంది, పురాణం దానిని దాచలేదు. అయినా మన పరంపర ఆయనను గురుద్రోహిగా వెలివేయలేదు. బృహదారణ్యకంలో జనకుని సభలో బ్రహ్మవేత్తగా నిలిపింది. రెండు శాఖలూ నేటికీ అధ్యయనంలో ఉన్నాయి.

మరుసటి గురువారం జపమాలను, దీక్షావస్త్రాన్ని అప్పగించి మెట్లు దిగాను. మంత్రం మాత్రం నాలుకను వీడలేదు. అది భగవన్నామమే కదా. ఎవరి సొత్తని తిరిగి ఇవ్వడం?

తరువాత నేను మొదట వెళ్ళినది చైతన్యపురిలో మూసీ తీరాన ఉన్న కొసగుండ్ల నరసింహస్వామి సన్నిధికి. అక్కడి శిలపై విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. అందులో బౌద్ధ విహార ప్రస్తావన ఉంది. ఆ శిల చెంతనే నేడు నారసింహుని అర్చన జరుగుతున్నది. ఇతర ఆలయం వైపు చూడడమే పాపమని నమ్మిన నాకు అక్కడ చాలాసేపు కదలాలనిపించలేదు.

అర్చకులు గోత్రం అడిగారు. ఒక్క క్షణం తడబడ్డాను. చెప్పాను.

ఆబ్దికానికి మూడు తరాల నామధేయాలు కావాలి. ముత్తాతగారి పేరు ఎంత యత్నించినా స్ఫురించలేదు. సూర్యాపేటలోని అక్కయ్యకు ఫోన్ చేశాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "రాసుకో తమ్ముడూ" అని, ముగ్గురి పేర్లూ నిదానంగా చెప్పింది. తిథి కూడా చెప్పింది. ఈ సంవత్సరాలన్నింటా ఆ తిథినాడు నాన్నగారి పేరిట తానే స్వయంపాకం ఇస్తూ వచ్చిందని అప్పుడే తెలిసింది.