చాలును అనుట నేర్చుకొందము



"ఇంకొంచెము ఉండినయెడల చాలును" అని అనుకొననివారు మనలో ఎవరు? ఆ కొంచెము చేతికి వచ్చిన మరునాడే మరికొంచెము కావలసివచ్చును. చెరువునకు గట్టు ఉన్నట్లు కోరికకును గట్టు ఉండవలెను.

నూజివీడు ప్రాంతమువారు ఈ పాఠము కొరకు దూరము పోనక్కరలేదు. 2022 వరకు కృష్ణా జిల్లాలోను, ఆ తరువాత ఏలూరు జిల్లాలోను ఉన్న మన సీమకు పేరు తెచ్చినది రసము. బంగినపల్లి కాయ గట్టిది. లారీలమీద దూరదేశములకు పోవును. రసమో అట్టిది కాదు. మెత్తగా పిసికి, తొడిమయొద్ద చిల్లుచేసి జుర్రుకొనవలెను. మాగిన తరువాత అది ఎక్కువ దినములు నిలువదు. దాచుకొన్నవానికి మిగులునవి మచ్చలును ఈగలునే. నేడే, ప్రక్కవానితో పంచుకొని తినుమని ఆ పండు మనకు బోధించుచున్నది.

అరణ్యములో ఇశ్రాయేలీయులకు దొరికిన మన్నాయు అట్టిదే. ఏనాటిది ఆనాటికే. ఆజ్ఞ మీరి ఉదయమువరకు దాచినది పురుగుపట్టెను. అయితే విశ్రాంతిదినము కొరకు ఆరవ దినమున కూర్చుకొన్న రెండంతలు చెడలేదు. కావున ముందుచూపు పాపము కాదు. ఆవకాయ పెట్టుకొనుట, తాండ్ర ఎండబెట్టుకొనుట, పిల్లల చదువునకు నాలుగు రూపాయలు వెనుకవేయుట వివేకమే. దేవునియందు నమ్మిక లేక కూడబెట్టుటయే మనలను తొలుచును.

ఆత్రమును అట్లే. వరిగడ్డిలో కాయ తన దినములలో తాను మాగును. ఆగలేనివాడు కార్బైడు వేయును. పైకి పసుపువన్నె వచ్చును గాని లోపల తీపి రాదు; ఆరోగ్యమునకు హాని. దేశములో 2011 నాటి ఆహార భద్రతా నియమములును దానిని నిషేధించినవి. మన జీవితములలోను ఇట్టి పసుపువన్నెలు ఎన్ని! అప్పుచేసి జరిపిన పెండ్లి ఆర్భాటము అట్టిదే.

అయితే ఒక మాట జాగ్రత్తగా వినుము. తృప్తి అనునది బీదవాని నోరు మూయుటకు వాడవలసిన మాట కాదు. మా సంఘములో తోటపనికి పోవు ఒక ముసలమ్మ గాలికి రాలిన నాలుగు కాయలు కొంగున కట్టుకొని వచ్చుచుండగా, "చాలునా అమ్మా?" అని అడిగితిని. "ఈ పూటకు చాలు అయ్యగారూ. రెండు రోజుల కూలి మాత్రం రావాలి. అది అడిగి తెచ్చుకుంటాను" అనెను. ఆమె తృప్తిలో ఆశయు లేదు, పిరికితనమును లేదు. కోత కోసినవారి కూలి బిగబట్టినవారిని యాకోబు ఎంత గట్టిగా గద్దించెనో మనమెరుగుదుము. "నాకు చాలును" అనుట భక్తి. ఎదుటివానికి రావలసినది ఇయ్యక "నీకు చాలునులే" అనుట అన్యాయము.

పౌలు బంధకములలో ఉండి ఫిలిప్పీయులకు వ్రాయుచు, తృప్తిని తాను నేర్చుకొంటినని చెప్పెను. అది పుట్టుకతో వచ్చినది కాదు. ఒక ఏడు విరగకాచిన మామిడి మరుసటి ఏడు తరచుగా తక్కువ కాచును. కలిమిలో ఉండుటయు లేమిలో ఉండుటయు మనమును నేర్చుకొనవలసినదే.

కావున ఈ రాత్రి కంచము ముందు కూర్చుండినప్పుడు, లేనిదానిని తలంచక ముందు ఉన్నదానిని పేరుపేరున తలంచి స్తుతించుము. క్రొత్తది కొనబోవునప్పుడు, ఇది నా అక్కరకా, ఇరుగుపొరుగువారి కన్నులకా అని నిన్ను నీవే అడుగుము. నీ చేత ఎవరి కూలియైనను నిలిచియుండినయెడల ప్రొద్దుగూకకముందే ఇచ్చివేయుము. అప్పుడు నీ యింటి గంజియు నీకు విందగును.