మా గిత్తల పందెం

పిల్లలూ, మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు తిరునాళ్ళలో బండలాగుడు పందేలు చూశారా? గిత్తల జతకు పెద్ద రాతిబండ కడతారు. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు.

జతలను వయసునుబట్టి విడదీస్తారు. వయసు ఎలా తెలుస్తుంది? పళ్ళు చూసి! పశువులకు ముందరిపళ్ళు కింది దవడకే ఉంటాయి. సుమారు రెండేళ్ళకు నడిమి పాలపళ్ళు రెండు ఊడి, పెద్దపళ్ళు వస్తాయి. అప్పుడది “రెండు పళ్ళ గిత్త”. తరవాత నాలుగు, ఆరు, చివరకు ఎనిమిది.

నా 12వ ఏట నాయన వెంట నేనూ బరిలోకి దిగాను. మా గిత్తలు రాముడు, భీముడు. ఎంత అదిలించినా బండ కదలలేదు. కోపంతో చర్నాకోల ఎత్తాను.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. “నిలిచిన బండను కదిలించడమే కష్టంరా. కదిలాక రాపిడి తగ్గుతుంది. మొదటి అడుగు రెండూ ఒక్కసారే వెయ్యాలి. నువ్వు భీముణ్ణి కొడితే వాడొక్కడే దూకుతాడు. పేర్లు పెట్టి పిలువు,” అన్నాడు.

పిలిచాను. రెండూ ఒక్కసారే మెడలు వంచాయి. బండ కదిలింది!

మాకు బహుమతి రాలేదు. ఆ రాత్రి గడ్డి వేస్తూంటే భీముడు నా చెయ్యి నాకాడు. వాణ్ణి కొట్టబోయిన చెయ్యి అదే.